తాళం వేసిన ఫ్రిజ్జు

ఆ పొద్దున నాగజ్యోతి మిక్సీతో కుస్తీ పడుతోంది. మిక్సీ మూత పగిలి ఏడాది దాటింది. జారు మీద స్టీలు పళ్లెం బోర్లించి, ఎడమ అరచేత్తో అదిమిపట్టి, కుడిచేత్తో స్విచ్చి తిప్పితే చట్నీ తయారవుతుంది. పట్టు కాస్త సడలిందా, గోడక్కూడా టిఫిను పెట్టినట్టే. మూత తెమ్మని అడిగినప్పుడల్లా భర్త నరేంద్ర దగ్గర ఒకటే జవాబు: "ఆ మాడలు పాతదైపోయింది జ్యోతీ, యాడా దొరకదు."

ధర్మవరంలో వాళ్లది ముందు పట్టుచీరల అంగడి, వెనక ఇల్లు. సరుకైనా చుట్టాలైనా అంగడి మీదుగానే ఇంట్లోకి రావాలి. ఆ రోజు అంగడి ముందు లగేజీ ఆటో ఆగింది. "నిదానం, నిదానమప్పా, గీత పడకూడదు" అని నరేంద్ర గొంతు వినిపించింది. చీరల బీరువా తెప్పించాడేమోనని నాగజ్యోతి చేయి తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

దిగుతున్నది బీరువా కాదు. భుజాలు గుండ్రంగా వంగిన పెద్ద ఇనప పెట్టె. ఒళ్లంతా తుప్పు. గీత పడకూడదంటే ముందు గీత లేని చోటు వెతకాలి. తలుపుకు జానెడు పిడి, పిడి కింద తాళంచెవి దూరే బెజ్జం. కింది మూలన ఒక సొట్ట.

ఆ సొట్టను చూడగానే ఆమె చేతిలో తడిగుడ్డ అట్లాగే ఆగిపోయింది.

"గుర్తుపట్టినావా?" నరేంద్ర ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోతోంది. "మనదే. మన పాత ఫ్రిజ్జు. కొత్తచెరువులో ఒకాయన ఇంటికి చీరలు చూపించే దానికి పోతే, గొడ్ల కొట్టంలో ఉండాది. ఎలకలు కొట్టకుండా దాంట్లో విత్తనం శనక్కాయలు పోసి పెట్టుకున్నారు. చిన్నప్పుడు నేను సైకిలు గుద్దిన సొట్ట చూసి కనిపెట్టినా."

"పని చేస్తాదా?"

"చేయదు. చేయిస్తా."

"ఇంట్లో ఒక ఫ్రిజ్జు ఉండాది కదండీ."

"అది ఫ్రిజ్జు. ఇది మా అమ్మ ఫ్రిజ్జు."

మిక్సీ మూత ఈ భూమ్మీద దొరకదు. తన పెళ్లినాటికే ముసలిదైన ఫ్రిజ్జు మాత్రం కొత్తచెరువులో దొరుకుతుంది. నాగజ్యోతి లోపలికి వెళ్లి చట్నీ పూర్తి చేసింది. ఆ పూట గోడ కాస్త ఎక్కువే తిన్నది.

అత్తగారు శాంతమ్మ ఎనభై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పులని మంచం దిగడానికే సగం పొద్దు తీసుకునేది. ఫ్రిజ్జు వచ్చిందని వినగానే చేతికర్ర కూడా మరిచిపోయి వరండాలోకి వచ్చింది. తలుపు మీద చేయి వేసి, తప్పిపోయిన ఆవు దొరికినట్టు నిమిరింది. తర్వాత నడుముకున్న తాళాల గుత్తి తీసి, అందులోంచి ఒక సన్నని ఇత్తడి చెవిని పైకెత్తి చూపింది.

"ఫ్రిజ్జు పోయినా చెవి పారేయలేదురా నరేంద్రా."

"అయ్యో, ఎంత భద్రం అవ్వా నీది" అంది కల్పన. ఆమె నరేంద్ర, నాగజ్యోతిల ఒక్కగానొక్క కూతురు. మేడమీది గదిలో కూర్చుని బెంగళూరు కంపెనీకి పని చేస్తుంది. అప్పటికే ఫ్రిజ్జును నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి స్నేహితులకు పంపింది. "నాన్నా, ఇది వింటేజ్. బెంగళూరులో కాఫీ హోటళ్లలో ఇట్లాంటివి అలంకారానికి పెట్టుకుంటారు. సూపర్ పని చేసినావు."

ముగ్గురూ ఆ తుప్పు పెట్టె చుట్టూ నిలబడి మురిసిపోతుంటే, నాగజ్యోతి చీపురు తెచ్చి దాని కింద రాలిన శనక్కాయ పొట్టు ఊడ్చింది. అలంకారాలు ఎవరివైనా ఊడ్పు ఒకరిదే.

మర్నాటి నుంచి మెకానిక్ రామాంజి ఇంట్లో మనిషైపోయాడు. ఊళ్లో ఫ్రిజ్జులకూ కూలర్లకూ అతనే దిక్కు. పని కంటే మాట ముందు నడిచే మనిషి.

"దీని కంప్రెసర్ సచ్చిపోయిండాదన్నా. దీంట్లో పోసే గ్యాసు కూడా ఇప్పుడు రాదు. లోపల కొత్త గుండె పెడతా, పైన పాత ముఖం ఉంచుతా. మనకు ఏం కావల్ల? ముఖమే కదా."

"తలుపు రబ్బరు?"

"ఆ రబ్బరు దొరకదు. చేయిస్తా."

వంటింట్లోంచి నాగజ్యోతి అడిగింది. "రామాంజీ, దొరకనివి చేయించే చోట మిక్సీ మూతలు కూడా చేస్తారా?"

"మిక్సీ మూత చేయించేదేందక్కా, అంగడికి పోతే దొరుకుతాది."

నరేంద్ర స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ చటుక్కున ఫ్రిజ్జు వెనక్కి వెళ్లిపోయాడు.

పని సాగింది. తలుపు ఊడదీశారు. ఫ్రిజ్జు గోడల మధ్య ముక్కిపోయిన దూది లాంటి సరుకంతా లాగి పోశారు. గాలి వీచినప్పుడల్లా అది ఆరేసిన బట్టల మీదికీ వడియాల మీదికీ ఎగిరి వచ్చింది. పిడికి పూత పెట్టించడానికి నరేంద్ర అనంతపురం వెళ్లాడు. అరల చువ్వల కోసం తాడిపత్రి వెళ్లాడు. అమావాస్యకు పుట్టింటి వాళ్లను చూసొద్దాం, తనకల్లు దాకా పోయొద్దాం అని ఆమె రెండేళ్లుగా అడుగుతుంటే, అంగడి వదిలి ఎట్లా రావడం అన్న మనిషి ఈయనే.

పగలంతా వీధిలో ఆడవాళ్లు వచ్చి చూసిపోయేవారు. శాంతమ్మ కుర్చీ వేయించుకుని కొలువు తీరేది.

"ఈ వీధికి మొదటి ఫ్రిజ్జు మాదే. అనంతపురంలో ఒక డాక్టరు ఊరిడిసి పోతుంటే మా ఆయన కొన్న్యాడు. ఎవరింట్లో జరమొచ్చినా ఐసుగడ్డకు మా ఇంటికే రావల్ల. నేనే తీయల్ల, నేనే ఇయ్యల్ల. తాళం నా నడుముకే ఉండేది."

"ఎందుకవ్వా తాళం?" కల్పన అడిగింది.

"ఊరికే తెరిస్తే చల్లదనమంతా బయటికి పోతాది. ఇంటి నిండా మగ్గాల పనోళ్లు, చీరలు తెచ్చేటోళ్లు, పిల్లోళ్లు. అందరూ తెరిస్తే అది ఫ్రిజ్జు అయితాదా, సత్రమైతాదా?"

వాళ్లంతా నవ్వారు. నాగజ్యోతి పెసరపప్పులో రాళ్లు ఏరుతోంది. రాయి లేనిచోట కూడా ఒక గింజ తీసి పారేసింది.

రంగు దగ్గర పేచీ వచ్చింది. రామాంజి లేత నీలం కొట్టి, ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ రంగు నరేంద్ర చెప్పిందే. శాంతమ్మ కాదంది. తెలుపంది. కాసేపటికి లేత పసుపంది. తల్లీ కొడుకులు తేల్చుకోలేకపోయారు.

"మీగడ రంగు" అంది నాగజ్యోతి, బకెట్టుతో అటుగా వెళుతూ. "పిడికి పైన ఒకచోట పెచ్చు లేచి కింద ఎర్ర రంగు కనిపించేది. చింతగింజంత."

రామాంజి గీకి చూశాడు. నీలం కింద, తుప్పు కింద, మీగడ రంగే.

"నువ్వు దాన్ని తెరిచిందే తక్కువ. అంత బాగా ఎట్ల గుర్తుండాది?" అంది శాంతమ్మ.

"తెరిచేటోళ్లకు లోపలుండే వస్తువులు గుర్తుంటాయత్తా. బయట నిలబడేటోళ్లకు తలుపు గుర్తుంటాది."

శాంతమ్మకు ఆ మాట పూర్తిగా అందలేదు. నరేంద్రకు అందినా, అతను మీగడ రంగు డబ్బా కోసం బయల్దేరే హడావుడిలో ఉన్నాడు.

చివరికి పని పూర్తయింది. నిజం చెప్పాలంటే అందంగానే ఉంది. పిడి తళతళలాడుతోంది. ప్లగ్గు పెడితే పిల్లి గురక లాంటి చప్పుడు. సొట్టను మాత్రం నరేంద్ర తీయనివ్వలేదు, అది తన చిన్నతనపు సంతకమట. మంచి రోజు చూసి హాల్లో పెట్టాలనుకున్నారు. హాల్లో నాగజ్యోతి కుట్టుమిషను ఉండే చోటే దానికి సరిపోతుందని ఆయనే తేల్చి, మిషనును మెట్ల కిందికి నెట్టించాడు.

ఆ పొద్దున ఫ్రిజ్జుకు పసుపు కుంకుమ పెట్టారు. టెంకాయ సిద్ధంగా ఉంది. కల్పన ఫోను పట్టుకుని వీడియోకు నిలబడింది. రామాంజి బిళ్లంత తాళం డబ్బీ చేతిలో పట్టుకుని వచ్చాడు.

"అన్నా, తాళం డబ్బీ నూనె పోసి కదిలించినా. పెట్టేదా, బెజ్జం మూసేసేదా?"

"పెట్టల్ల. అదే కదా దాని అందం." నరేంద్ర తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నీ చెవి తియ్యి. నీ చేత్తోనే తాళం తీసి మొదలుపెడదాం."

రామాంజి డబ్బీని బెజ్జంలో బిగించాక శాంతమ్మ గుత్తి తీసింది. ఇత్తడి చెవి ఇట్టే తిరిగింది. తలుపు టక్కున తెరుచుకుంది. ఆ టక్కుమనే చప్పుడు నాగజ్యోతి వెన్నులోకి దిగింది. అన్నేళ్లయినా అదే చప్పుడు.

"మొదటి గ్లాసు చల్లనీళ్లు ఎవరికిద్దాం అవ్వా?" అంది కల్పన.

శాంతమ్మ ఉత్సాహంలో ఉంది. "ఎవరికిచ్చినా తాగుతారు. తాగనోడు ఒక్కడే, మీ తాత. మీ అమ్మను కన్నోడు. ఎన్నిసార్లు వచ్చినా సంకలో సీసా పెట్టుకోనే వచ్చేటోడు. ఆ సీసాలో నీళ్లే తాగేటోడు. మా ఇంట్లో గుక్కెడు నీళ్లు ముట్టినోడు కాదు. బిడ్డ పుట్టేదాకా కూతురింట్లో ముట్టకూడదనే పట్టింపేమో అనుకుంటి. నువ్వు పుట్టినాక కూడా అంతే. చిల్లర అంగడి పెట్టుకున్న మనిషికి అంత పొగరు ఎందుకో. వియ్యంకుడు నీళ్లు ముట్టకపోతే అది మా కొంపకు ఎంత అవమానం."

నాగజ్యోతి చేతిలో హారతి పళ్లెం ఉంది. దాన్ని మెల్లగా కుర్చీ మీద పెట్టింది.

"మా నాయన మీ ఇంట్లో నీళ్లు అడిగినాడత్తా."

గొంతు పెద్దది చేయలేదు. అయినా రామాంజి చేతిలోని స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"పెళ్లైన మొదటి ఎండాకాలం. మీరు ఎవరిదో పేరు పెట్టే పండగని కొత్తచెరువుకు పోయినారు. ఈయన, మామ అంగట్లో ఉండారు. మా నాయన తనకల్లు నుంచి బస్సెక్కి, కదిరిలో మారి, నిలబడుకోని వచ్చినాడు. మొగమంతా కమిలిపోయింది. వరండాలో కూచోని, 'అమ్మా, ఫ్రిజ్జు నీళ్లు ఇయ్యి, ఎట్లుంటాయో చూస్తా' అన్న్యాడు. అడిగినాడు, అత్తా. ఫ్రిజ్జు ఉండే ఇంటికి పిల్లనిచ్చినా అని తనకల్లంతా చెప్పుకున్న మనిషి. కూతురింటికొచ్చి గొప్పగా అడిగినాడు."

నాగజ్యోతి ఫ్రిజ్జు పిడి వైపు చూసింది.

"నేను పోయి పిడి పట్టుకోని లాగినా. రాలేదు. తాళం సంగతి తెలుసు, అయినా ఎందుకో ఇంకోసారి లాగినా. వెనక్కి తిరిగితే మా నాయన చూస్తాండాడు. నేను చూసేసరికి తల పక్కకు తిప్పుకున్న్యాడు. కడవలో నీళ్లు ముంచిచ్చినా. తాగి ఏమన్న్యాడో తెలుసా? 'ఇవే మేలు తల్లీ. ఫ్రిజ్జు నీళ్లయితే పళ్లు జివ్వుమంటాయి' అన్న్యాడు. ఆయప్ప జన్మలో ఫ్రిజ్జు నీళ్లు తాగి ఎరగడు. మళ్లీసారి నుంచి సీసా తెచ్చుకున్న్యాడు. మళ్లీ నేను ఆ పిడి పట్టుకోని లాగకుండా. పొగరు కాదత్తా అది."

కల్పన ఫోను ఎప్పుడో కిందికి దించేసింది. "ఆ ఆకుపచ్చ సీసానా అమ్మా? తాత దాన్ని నాకిచ్చి ఆడుకోమనేటోడు. నేను అది ఆయన అలవాటనుకున్నా."

నరేంద్ర తడబడ్డాడు. "జ్యోతీ, ఇంత బాధ ఉంటే నాకు ఎప్పుడూ చెప్పలేదే."

అప్పుడు ఆమె గొంతు మారింది.

"చెప్పినా. ఆ రోజే చెప్పినా. మీరు అన్నం తింటాండారు. విని నవ్వినారు. 'మా అమ్మ తాళం నాకే తీయదు, మీ నాయనకు తీస్తాదా' అన్న్యారు. ఇంకొంచెం చారు పొయ్యమన్న్యారు. పోసినా. ఆ ఫ్రిజ్జు ఇంట్లోంచి పోయిన రోజు నేను ఒక్కదాన్నే దేవుడి దగ్గర దీపం పెట్టుకున్నా. దాన్ని మీరు గొడ్ల కొట్టంలోంచి వెతికి తెచ్చి, నా మిషను మెట్ల కిందికి తోసి, దానికి టెంకాయ కొడతాండారు. మూత అడిగితే మాడలు పాతదన్న్యారు. ఈ పాతదానికి తాళంతో సహా అన్నీ దొరికినాయి మీకు. నన్ను ఒక మాట అడిగినారా, ఇది ఇంట్లోకి రావచ్చునా అని?"

రామాంజి గోడవైపు జరిగాడు. "అన్నా, నేను పోయి టీ తాగొస్తా."

"కూర్చో రామాంజీ, నేనే పెడతా" అంది నాగజ్యోతి. కోపం వచ్చినా ఇంటికొచ్చిన మనిషిని టీ లేకుండా పంపే ఇల్లు కాదు ఆమెది. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకు తగిలింది.

శాంతమ్మ తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని చూసుకుంది. "నాకు చెప్పొచ్చు కదా జ్యోతీ."

"చెప్తే చెవి ఇచ్చేటోళ్లా అత్తా?"

ముసలావిడ నిజంగానే ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి వీలుగా అందరూ ఎదురుచూస్తున్నారు. అయినా చెప్పలేదు.

"ఇచ్చేదాన్ని కాదు."

చేతికర్ర అందుకుని లేచింది. గది గుమ్మం దగ్గర ఆగి, ఇటు తిరగకుండానే అంది. "ఇనప్పెట్టె మీ మామ దగ్గర. అంగడి మీ మామ దగ్గర. వంటిల్లు మా అత్త దగ్గర. ఈ కొంపలో నాదని ఉండింది ఆ ఒక్క తాళమే. అదొక్కటే అడక్కుండా ఎవరూ తీయలేకపోయినారు." ఇంకేదో చెప్పబోయి ఆగింది. "ఆ మనిషి బతికినన్నాళ్లూ తిట్టుకుంటిని."

ఆ రోజు టెంకాయ కొట్టలేదు. ఫ్రిజ్జు వరండాలోనే బొట్టు పెట్టుకుని పెళ్లి ఆగిపోయిన పిల్లలా నిలబడింది. మధ్యాహ్నం శాంతమ్మ అన్నం తినలేదు. నాగజ్యోతి బ్రతిమాలలేదు. పళ్లెంలో కలిపి, మూత పెట్టి, మంచం పక్కన పెట్టి వచ్చింది. జాలి వేరు, కోపం వేరు. ఒకటి వచ్చిందని రెండోది ఇల్లు ఖాళీ చేయాలని ఎక్కడా లేదు.

సాయంత్రం నరేంద్ర ఎక్కడికో వెళ్లి, చెమటతో తిరిగొచ్చాడు. వంటింటి గట్టు మీద కాగితం సంచి పెట్టి నిలబడ్డాడు. అందులో మిక్సీ మూత.

"దొరికిందా?" అంది ఆమె, తిరిగి చూడకుండానే.

"మన బజారులోనే. మూడో అంగట్లో."

"మాడలు పాతదన్న్యారు."

"నేను పోయి అడిగితే కదా తెలిసేది. ఎప్పుడూ పోలేదు." అతను కాసేపు మూతను అటూ ఇటూ తిప్పాడు. "జ్యోతీ, నువ్వు చెప్పినాక గుర్తొచ్చింది. నేను నవ్వింది. చారు కూడా గుర్తొచ్చింది. మర్చిపోయినా అంటే అబద్ధమైతాది. పెద్ద విషయం కాదనుకోని పక్కన పెట్టినా."

ఆమె మూత తీసుకుని జారు మీద పెట్టి చూసింది. సరిపోయింది. అంతమాత్రానికి క్షమించేయడానికి ఆమె సిద్ధంగా లేదు. కానీ ఇన్నాళ్లకు ఆ మనిషి నోట ఒక సాకు కాకుండా ఒక నిజం వచ్చింది. దాన్ని మాత్రం మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

"మిషను యథాస్థానంలో పెట్టించండి" అంది.

అతను అప్పుడే వెళ్లి తనే లాక్కొచ్చాడు. నడుము పట్టేసింది కూడా. నాగజ్యోతి నూనె రాయలేదు, నూనె ఎక్కడుందో మాత్రం చెప్పింది.

మర్నాడు పొద్దున శాంతమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ గుమ్మంలో ఆమె నిలబడితే ఇన్నేళ్లూ ఏదో ఒక తప్పు బయటపడేది. నాగజ్యోతి అలవాటుగా పొయ్యి గట్టు వైపు చూసుకుంది.

"జ్యోతీ. ఒక మాట అడగల్ల."

అడగడమన్నది ఆమె నోట కొత్త మాట. నాగజ్యోతి స్టవ్వు తగ్గించింది.

"ఆ ఫ్రిజ్జు హాల్లో వద్దు. అంగడి ముందర పెట్టిద్దాం. ఎండలు మొదలైతాండాయి. బస్సు దిగినోళ్లు, చీరలు మోసుకొచ్చేటోళ్లు నీళ్లు తాగుతారు. చలివేంద్రం మాదిరి." ముసలావిడ చీర కొంగును వేళ్లకు చుట్టుకుంటోంది. "చలివేంద్రమంటే ఎవరో ఒకరి పేరుండల్ల. మీ నాయన పేరు పెట్టొచ్చునా? నువ్వు వద్దంటే పెట్టను."

నాగజ్యోతి వెంటనే సరే అనలేదు. ఒక బోర్డు రాయించి గోడకు కొడితే, ఆ పిడి లాగిన చేయి మర్చిపోతుందా? తల పక్కకు తిప్పుకున్న నాయన ముఖం ఇటు తిరుగుతుందా? కానీ ఎదురుగా నిలబడ్డ మనిషి మొట్టమొదటిసారి ఒక తలుపు బయట నిలబడి, అది తెరుచుకుంటుందో లేదో తెలియకుండా ఎదురుచూస్తోంది. బయట నిలబడడం ఎట్లా ఉంటుందో నాగజ్యోతికి బాగా తెలుసు.

"తాళం ఉండకూడదు" అంది.

"రామాంజిని అప్పుడే పిలిపించినా."

వరండాలో నరేంద్ర మొత్తుకుంటున్నాడు. "అమ్మా, వీధిలో పెడితే ఎండకు రంగు వెలిసిపోతాది. దుమ్ము పడతాది. ఎంత కష్టపడి చేయిస్తి. దాని సొగసంతా పోతాది."

"నీళ్లు తాగేదానికి సొగసెందుకురా? నీకు అంత సొగసు కావల్లంటే నువ్వూ పోయి దాని పక్కన నిలబడుకోని గ్లాసులు కడుగు."

రామాంజి తాళం డబ్బీ ఊడదీశాడు. శాంతమ్మ గుత్తిలోంచి ఇత్తడి చెవిని మెలితిప్పి తీసి అతని చేతిలో పెట్టింది. అతను జేబులో వేసుకోబోయాడు.

"ఇత్తడిది. ఊరికే తీసుకోని పోవాకు. తూకం వేసి, దానికి గ్లాసులు తీసుకోని రా."

"అవ్వా, ఈ చెవి తూకానికి గ్లాసు కాదు, గ్లాసు అంచు కూడా రాదు."

"మిగిలింది నువ్వు వెయ్యి. పుణ్యం ఊరికే వస్తాదా?"

నాగజ్యోతి లోపల తిరగమోత పెడుతూ ఆ మాట విని నవ్వుకుంది. మనిషి మారిందని భయపడాల్సిన పని లేదు.

ఉగాది ముందర ఒక మంచి రోజున ఫ్రిజ్జు అంగడి ముందు చేరింది. పైన తాటాకుల పందిరి. పందిరికి కల్పన తాత పేరుతో రాయించిన బోర్డు: నారాయణప్ప చలివేంద్రం. తాళం ఉండిన బెజ్జం అట్లాగే వదిలేశారు. మూయవద్దని నాగజ్యోతే చెప్పింది. చూసినవాళ్లు అదేమిటని అడిగితే నరేంద్రే చెప్పాలి. అదీ ఆమె పెట్టిన షరతు. మొదటి వారంలోనే అతను ఆ కథ వీధిలో సగం మందికి చెప్పాడు. మొదట్లో "మా ఇంట్లో" అని నసిగేవాడు. తర్వాత "నేను నవ్వినా" అన్న చోటు దాకా వచ్చాడు.

కానీ అది తర్వాతి సంగతి. ఆ మంచి రోజున టెంకాయ కొట్టాక, సీసాలు నింపి పెట్టాక, శాంతమ్మ కుర్చీలోంచి కోడలిని పిలిచింది.

"నువ్వు తెరువు."

నాగజ్యోతి పిడి మీద చేయి వేసింది. లాగింది. అలవాటు కొద్దీ ఆమె చేయి అడ్డం కోసం ఎదురుచూసింది. అడ్డం లేదు. తలుపు టక్కుమని ఎంత తేలిగ్గా తెరుచుకుందంటే, ఆమె ఒక అడుగు వెనక్కి వేయాల్సి వచ్చింది. చల్లటి గాలి పాదాల మీదికి జారింది. సీసా తీసి గ్లాసులోకి వంచుకుంది. ఈ ఫ్రిజ్జులో నీళ్లు ఇప్పటిదాకా ఆమె అడిగి తాగింది లేదు, అడగకుండా తాగింది లేదు.

ఒక్క గుక్క తాగింది.

పళ్లు జివ్వుమన్నాయి.

వేళ్లతో దవడ పట్టుకుని నిలబడిపోయింది. నవ్వు వచ్చింది. దాని వెంటే కళ్లు నిండాయి. ఎండలో బస్సు దిగి, కమిలిన ముఖంతో, కూతురు చిన్నబోకూడదని అప్పటికప్పుడు అల్లిన ఒక్క అబద్ధం. తాగి చూడకుండానే ఎంత సరిగ్గా చెప్పాడు.

"ఏమైందిమా?" కల్పన దగ్గరికి వచ్చింది.

"ఏం లేదు. తాత నిజమే చెప్పినాడు."

ఆమె కన్నీళ్లు తుడుచుకోవడం మరిచింది, తలుపు మూయడం కూడా మరిచింది. చల్లదనం తెల్లటి పొగలా వీధిలోకి దొర్లిపోతోంది. కుర్చీలో శాంతమ్మ ఎన్నో ఏళ్ల అలవాటుతో చేయెత్తింది. "తలుపు మూయి, చల్లదనమంతా..." అని, ఆగిపోయింది. ఎత్తిన చేయి మెల్లగా ఒళ్లోకి దించుకుంది.

"ఉండనీలే" అంది. "యాడికి పోతాది. వీధిలోకే కదా."